సాగర్ గేట్లు ఎత్తినప్పుడు అమ్మను తీసుకెళ్ళాలి, ఏ రోజు బయలుదేరితే బాగుంటుంది?

మర్రిగూడ బిడ్డ | బుధవారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. నేను పుట్టింది మర్రిగూడ మండలంలోని ఒక చిన్న ఊళ్ళో. ఉద్యోగరీత్యా ఎనిమిదేళ్ళుగా నల్లగొండలో ఉంటున్నాను. మా అమ్మకు డెబ్బై దాటాయి. నాగార్జునసాగర్ ఉన్న జిల్లాలోనే పుట్టి, ఈ జిల్లాలోనే అత్తవారింటికి వచ్చి, ఇక్కడే ముసలిదైన మనిషి ఇంతవరకు గేట్లు ఎత్తగా చూడలేదంటే బయటివాళ్ళు నమ్మరేమో గానీ, మా వైపు వాళ్ళకు ఇందులో వింత ఏమీ కనిపించదు. మా బాపు ఉన్నన్నాళ్ళూ ప్రతి ఏడూ "ఈసారి తప్పకుండా పోదాం" అనేవాడు. గేట్లు ఎత్తే నెలే పత్తిలో కలుపు తీసే నెల కావడంతో చేను వదిలి వెళ్ళడం ఏ ఏడూ కుదరలేదు. బాపు పోయి నాలుగేళ్ళయింది.

మా ఊరి బోరు నీళ్ళు ఎలాంటివో ఈ జిల్లా వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ ఫ్లోరైడ్ నీళ్ళు ఏళ్ళ తరబడి తాగడం వల్ల అమ్మకు నడుము, మోకాళ్ళు బిగుసుకుపోయాయి. తాళంచెవి కిందపడితే గోడ పట్టుకుని కూడా వంగలేదు, పక్కింటి పిల్లలను పిలవాల్సిందే. 2023లో తీసుకెళ్దామనుకుంటే ఆ ఏడు గేట్లు ఎత్తేంత నీరు రానేలేదు. 2024లో ఆగస్టు 5న ఎత్తారని టీవీలో చూశాం కానీ, నాకు సెలవు దొరికి కారు మాట్లాడుకుని వెళ్ళేసరికి అన్నీ దించేసి ఉన్నాయి. అమ్మ ఆ మూసిన గేట్లనే కాసేపు చూసి, "కట్ట అయితే పెద్దగనే ఉన్నది" అని చెప్పి కారెక్కింది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

ఈసారి ఎగువ నుంచి వరద మొదలైందని వింటున్నాను. ఏ రోజు గేట్లు ఎత్తుతారో ఒకటి రెండు రోజుల ముందే అంచనా వేయడానికి మార్గం ఏదైనా ఉందా? ఎక్కువసేపు నిలబడలేని మనిషి ఎక్కడి నుంచి చూస్తే బాగుంటుంది? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గద్వాల గట్టు | బుధవారం, రాత్రి 9:52

అన్నా, మీరు సాగర్ వైపు చూస్తూ కూర్చుంటే ఆలస్యమైపోతుంది, మా జూరాల వైపు చూడండి. కృష్ణమ్మ తెలంగాణలోకి అడుగుపెట్టేది నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర. భీమా నది వచ్చి కలిసేది కూడా అక్కడే. అక్కడి నుంచి మొదట వచ్చే ప్రాజెక్టు జూరాల. మా జలాశయం చిన్నది, పది టీఎంసీల లోపే పడుతుంది (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు). అందుకే పైన కర్ణాటకలోని ఆలమట్టి, నారాయణపూర్ డ్యాముల గేట్లు ఎత్తారంటే జూరాల గేట్లు కూడా ఎంతోసేపు ఆగవు.

అయితే జూరాల ఎత్తగానే సాగర్ కూడా ఎత్తేస్తారని అనుకోవద్దు. మధ్యలో శ్రీశైలం ఉంది. అది సుమారు 215 టీఎంసీలు పట్టే జలాశయం. మా నీళ్ళకు తోడు సుంకేసుల బ్యారేజీ మీదుగా తుంగభద్ర నీళ్ళు వచ్చి కలిస్తేనే అది తొందరగా నిండుతుంది. రెండు నదులూ ఒకేసారి పొంగిన ఏడాది మీ పని సులువు, ఒక్కటే పొంగిన ఏడాది ఓపిక పట్టాలి. ప్రస్తుతం మా దగ్గర గేట్లు ఎత్తి ఉన్నాయి, సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి చూసి వచ్చాను. నీళ్ళు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. కొత్త వరదకు ఆ రంగే గుర్తు.

పైలాన్ కాలనీ పాతకాపు | బుధవారం, రాత్రి 10:35

బాబూ, నీ పోస్టు చదివి ఈ రాత్రే జవాబు రాయాలనిపించింది. నేను సాగర్ డ్యామ్ మీద నీటిపారుదల శాఖలో ఉద్యోగం చేసి రిటైరయిన వాణ్ణి. గేట్లు ఎత్తే రోజును అంచనా వేయడం మంత్రమేమీ కాదు, కొంచెం లెక్క తెలిస్తే చాలు.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, మన లెక్కలో సుమారు 28 లీటర్లు. లక్ష క్యూసెక్కుల ప్రవాహం ఇరవై నాలుగు గంటలు ఆగకుండా వస్తే జలాశయంలో చేరేది ఎనిమిదిన్నర టీఎంసీల పైచిలుకు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకో. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అప్పుడు నిల్వ 312 టీఎంసీలు. ప్రతిరోజూ పేపర్లో నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో నాలుగూ వేస్తారు. ఉదాహరణకు నిల్వ 270 దగ్గర ఉందనుకుందాం, అంటే ఇంకా 42 టీఎంసీల ఖాళీ ఉన్నట్టు. వచ్చేదాంట్లోంచి కాలువలకు, కరెంటుకు పోయేది తీసేయగా మిగిలేది రెండు లక్షల క్యూసెక్కులైతే రోజుకు 17 టీఎంసీలు చేరతాయి, రెండున్నర రోజుల్లో నిండుతుంది. అయితే నిండు కుండలా అయ్యేదాకా ఎవరూ ఆగరు. పైనుంచి వస్తున్న వరదను బట్టి నాలుగైదు అడుగులు తక్కువ ఉన్నప్పుడే గేట్లు ఎత్తే సందర్భాలు ఉంటాయి. కాబట్టి నీ లెక్కలో వచ్చిన రోజుకు ఒక రోజు ముందే సిద్ధంగా ఉండు.

శ్రీశైలంలో 885 అడుగులు నిండి, అక్కడి పన్నెండు గేట్లలో సగమైనా ఎత్తారని వార్త వచ్చిన రోజు నుంచి ఈ లెక్క మొదలుపెట్టు. అంతకుముందు అక్కడి పవర్‌హౌస్‌ల నుంచి వచ్చే నీరు మాత్రమే సాగర్‌కు చేరుతుంది, ఆ నీటితో అయితే సాగర్ నిండడానికి వారాలు పడుతుంది.

ఇక ఇంకో మాట. గేట్లు ఎత్తిన మొదటి రోజే అమ్మను తీసుకురావద్దు. ఆ రోజు పసుపు, కుంకుమ, చీర సమర్పించి, హారతి ఇచ్చి, రెండు మూడు గేట్లు అయిదడుగుల మేర ఎత్తుతారు. అది చూడదగ్గ వేడుకే, కాదనను. కానీ మీ అమ్మగారు చూడాల్సింది 26 గేట్లూ ఎత్తిన సాగర్‌ను. ఒక్కో గేటు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు ఉంటుంది. అన్నీ ఎత్తిన రోజున మా పైలాన్ కాలనీలో తలుపులు వేసుకుని పడుకున్నా ఆ హోరు వినిపిస్తూనే ఉంటుంది. కిటికీ అద్దాలు సన్నగా అదురుతుంటే, మా ఇంట్లో పసిపిల్లలు మొదటి రాత్రి ఏడ్చి, రెండో రాత్రి ఆ శబ్దానికే నిద్రపోయేవారు.

హాలియా టీచరమ్మ | గురువారం, ఉదయం 6:15

పాతకాపు గారు నీళ్ళ సంగతి చెప్పారు, నేను మనుషుల సంగతి చెబుతాను. తమ్ముడూ, ఆదివారం, పంద్రాగస్టు, రాఖీ పండుగ, ఈ మూడు రోజుల్లో మాత్రం పెట్టుకోకండి. ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచి వచ్చే కార్లతో పెద్దవూర దాటిన దగ్గరి నుంచే బండ్లు బారులు తీరుతాయి. పోయినసారి మా అత్తమ్మను తీసుకెళ్ళినప్పుడు రెండు గంటలపాటు కారులోనే కూర్చోవలసి వచ్చింది. షుగర్ ఉన్న మనిషి కావడంతో మూత్రానికి వెళ్ళే చోటు లేక ఆమె పడిన అవస్థ నేను చూడలేకపోయాను. గేట్లు చూసి సంతోషపడ్డారు గానీ, దారి పొడవునా "నన్నెందుకు తెచ్చినవు బిడ్డా" అంటూనే ఉన్నారు. ముసలివాళ్ళను తీసుకెళ్ళేటప్పుడు మనం మొదట ఆలోచించవలసింది ఈ విషయమే, చూడవలసిన చోట్ల సంగతి తర్వాత.

మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. నల్లగొండ నుంచి కనగల్లు, హాలియా, పెద్దవూర మీదుగా అరవై అయిదు కిలోమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే ఏడు కాకముందే చేరుకుంటారు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సు అయితే మీ అమ్మగారికి టికెట్‌కు డబ్బులు అక్కర్లేదు, ఆధార్ కార్డు ఉంటే చాలు. కానీ ఆ మోకాళ్ళతో బస్సు మెట్లు ఎక్కించడం కష్టం, కారే మంచిది. గేట్లు బాగా కనిపించేది డ్యామ్‌కు దిగువన మాచర్ల రోడ్డు మీద ఉన్న కొత్త బ్రిడ్జి నుంచి. బ్రిడ్జి మీద కార్లు ఆపనివ్వరు. అమ్మను బ్రిడ్జి మొదట్లో దింపి, మీరు వెళ్ళి బండి పెట్టుకుని రావాలి. అందుకే తోడుగా ఇంకొకరిని తీసుకెళ్ళండి, ఒంటరిగా మాత్రం దింపి వెళ్ళకండి.

ఇంట్లో ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకోండి. ఇది చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, అక్కడ కూర్చోవడానికి ఏమీ ఉండదు. సద్ది కట్టుకుని వెళ్ళండి. జొన్నరొట్టె, పల్లిపొడి, పులిహోర అయితే మధ్యాహ్నం దాకా చెడిపోవు. తుంపర బాగా పడుతుంది కాబట్టి అమ్మకు ఒక జత పొడి బట్టలు కూడా పెట్టండి.

కొత్తకోట యువకుడు | గురువారం, ఉదయం 11:05

నమస్కారం. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మేము అయిదుగురం స్నేహితులం శనివారం కాలేజీ అయ్యాక బైకుల మీద బయలుదేరి, రాత్రికి రాత్రి అడవి దాటి తెల్లారేసరికి శ్రీశైలం గేట్లు చూసి, అక్కడి నుంచి సాగర్‌కు రావాలని అనుకుంటున్నాము. మా అందరి జీవితంలో ఇదే మొదటి దూర ప్రయాణం. డ్రోన్ కూడా ఒకటి అద్దెకు దొరుకుతోంది. ఈ దారి గురించి తెలిసినవారు సలహా ఇవ్వగలరు.

అచ్చంపేట బాట | గురువారం, మధ్యాహ్నం 1:30

తమ్ముడూ, రాత్రికి రాత్రి అడవి దాటడం వీలుపడదు. మన్ననూరు దగ్గర చెక్‌పోస్టు రాత్రి తొమ్మిది గంటలకు మూసేస్తారు, మళ్ళీ ఉదయం ఆరు గంటలకే తీస్తారు. అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఆ గేటు మన మీద కోపంతో వేసింది కాదు, రాత్రివేళ రోడ్డు దాటే జంతువులు బండ్ల కింద పడకుండా వేసింది. మా అచ్చంపేటలో పడుకుని, పొద్దున ఆరింటికి గేటు తీయగానే వెళ్ళండి. వానాకాలం పొద్దునపూట ఆ అడవి ఎలా ఉంటుందో రాత్రి దాటే వాళ్ళకు ఎప్పటికీ తెలియదు. ఫరహాబాద్ దాటాక రోడ్డు మీదికి మబ్బు దిగి ఉంటుంది, పది గజాల ముందున్న బండి కూడా కనిపించదు, హెడ్‌లైట్లు వేసుకుని మెల్లగా నడపాలి. ఎక్కడా ఆగి కోతులకు తిండి వేయకండి. ఆ అలవాటు వల్లనే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడి చనిపోతున్నాయి.

దోమలపెంట దాటి ఘాటు దిగుతున్నప్పుడు మలుపు దగ్గర ఒక్కసారిగా డ్యామ్ కనిపిస్తుంది. అక్కడ అందరూ బండి ఆపేస్తారు, వెనకాల వచ్చే బస్సుకు మలుపులో ఆగిన బైకు కనపడదు. దయచేసి ఆ ఒక్క చోట మాత్రం ఆగకండి. డ్రోన్ సంగతి మర్చిపోండి. అటు పులుల అడవి, ఇటు డ్యామ్, రెండు చోట్లా అనుమతి లేకుండా ఎగరేస్తే కేసు అవుతుంది.

సోమశిల రేవు | గురువారం, రాత్రి 8:45

మర్రిగూడ అన్నా, మీ అమ్మగారి గురించి రాసినది చదివాక నాకు మా తాత గుర్తుకొచ్చాడు. చర్చ సాగర్ గురించే అయినా, ఆ నీళ్ళు దిగి వచ్చే దారిలో ఉన్నవాళ్ళ సంగతి ఒకటి రాస్తాను.

మాది శ్రీశైలం ముంపు కుటుంబం. కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డున ఉండే మా ఊరు 1981లో నీళ్ళలోకి వెళ్ళిపోయింది. మేము ఇప్పుడు ఉంటున్నది పై ఊరు. గేట్లు ఎత్తారని, జలాశయం నిండిందని జనం సంతోషపడే రోజున మా తాత రేవుకు వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చునేవాడు. ఆయన చూడటానికి వచ్చేది ఎండాకాలంలో. నీరు బాగా తగ్గిన ఏడాది మే నెలలో మా పాత ఊరి గోడల మొదళ్ళు బయటపడతాయి. నాకు పదేళ్ళప్పుడు తాత నన్ను వెంటబెట్టుకుని ఆ బురద ఎండి పగుళ్ళు వారిన నేల మీద నడిపించాడు. ఒకచోట ఆగి, చేతికర్రతో మట్టి గీకాడు. కింద రోలు ఉంది. గుండ్రంగా, నున్నగా, లోపల అంగుళం మందాన ఒండ్రు పేరుకుని ఉంది. తాత కూర్చుని ఆ ఒండ్రును వేళ్ళతో తీసి, రోలు అంచు మీద ఒకచోట చెయ్యి పెట్టి, "మీ అవ్వ కాలు ఇక్కడ ఆనించి దంచేది" అన్నాడు. ఆ చోట రాయి నిజంగానే కొద్దిగా అరిగి ఉంది. మళ్ళీ జూలైలో నీరు ఎక్కింది.

ఇలాంటి ఊళ్ళు మా ఒడ్డునా, అటు కర్నూలు ఒడ్డునా కలిపి దాదాపు వంద వరకు మునిగాయి. గుళ్ళను మాత్రం కొన్నింటిని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి పైకి తెచ్చి కట్టారు. మా సోమశిలలో సోమేశ్వరుడి గుడి అలా వచ్చిందే, అలంపురంలో ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయమూ అలా వచ్చిందే. రోళ్ళను ఎవరూ తేలేదు.

నేను ఎవరినీ సంతోషపడవద్దని అనడం లేదు. మీ అమ్మగారు తప్పకుండా చూడాలి. సోమశిలకు కూడా రండి. ఇక్కడ నీరు నిండినప్పుడు హోరు ఉండదు, కనుచూపు మేర నిశ్శబ్దంగా ఉంటుంది. పడవ ఎక్కితే మాత్రం లైఫ్‌జాకెట్ ఇచ్చేదాకా కదలనివ్వకండి. 2007 జనవరిలో సింగోటం జాతర నుంచి తిరిగి వెళ్తున్న పడవ ఈ నీళ్ళలోనే మునిగి ఎన్ని ఇళ్ళలో దీపం ఆరిపోయిందో ఈ ఒడ్డున ఎవరిని అడిగినా చెబుతారు.

పైలాన్ కాలనీ పాతకాపు | గురువారం, రాత్రి 9:30

సోమశిల బాబూ, నీళ్ళ లెక్కల్లో నలభై ఏళ్ళు గడిపాను గానీ, 885 అడుగుల మట్టం కింద ఒక అవ్వ కాలు ఆనించిన రోలు ఉందన్న ఆలోచన నాకు ఎప్పుడూ రాలేదు. మీ తాతగారికి నా నమస్కారం.

మేస్త్రీ మనుమడు | శుక్రవారం, ఉదయం 7:10

నేను పుణె నుంచి రాస్తున్నాను. మాది పాత పాలమూరు జిల్లా, దేవరకద్ర వైపు. సోమశిల అన్న ముంపు సంగతి రాశాడు కాబట్టి నేను కట్టినవాళ్ళ సంగతి రాయాలి.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు సాగర్‌కు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఈ రెండు తేదీలూ అన్ని పుస్తకాల్లోనూ ఉంటాయి. వాటి మధ్య ఉన్న పన్నెండేళ్ళు మా ఇంట్లో ఉన్నాయి. మా తాత, ఆయన అన్నదమ్ములు గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని సాగర్ పనికి వెళ్ళారు. అది రాతి కట్టడం. యంత్రాలు ఎన్ని ఉన్నా, రాయిని పరంజా మీదికి మోసుకెళ్ళి పేర్చింది మనుషులే. మా నాయనమ్మ తల మీద తట్టలు మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయి, అరచేతి వెడల్పున నున్నటి చోటు ఒకటి ఏర్పడింది. చిన్నప్పుడు ఆమె ఒళ్ళో కూర్చుని నేను ఆ చోటు నిమిరేవాణ్ణి. "ఇదేందవ్వా" అంటే "సాగర్ కట్ట" అనేది.

తాత చెప్పగా మేము విన్నది ఏమిటంటే, ఆ కట్ట పూర్తయ్యాక నీళ్ళు కిందికి వెళ్ళాయి, మనుషులు మాత్రం ఇంకో డ్యామ్ పనికి ఇంకో రాష్ట్రం వెళ్ళారు. మా చెలకలు సాగర్‌కు ఎగువన, ఎత్తున ఉన్నాయి, కాలువ నీరు ఎత్తుకు ఎక్కదు కదా. నీళ్ళను ఎత్తిపోస్తే తప్ప మా నేలకు నది అందదు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలు వచ్చేదాకా మా వాళ్ళకు సగం బతుకు వలసలోనే గడిచింది. నేను కూడా ఇక్కడ బిల్డింగ్ పనిలో సూపర్‌వైజర్‌గా ఉన్నాను. నా కింద పనిచేసేవాళ్ళలో సగం మంది మన జిల్లా వాళ్ళే.

మర్రిగూడ అన్నా, అమ్మగారు గేట్ల వైపు చూసేటప్పుడు, రెండు పక్కలా నల్లగా నిలబడి ఉండే రాతి గోడను కూడా ఒకసారి చూపించండి. అందరి కళ్ళూ తెల్లటి నీటి మీదే ఉంటాయి, ఆ గోడను ఎవరూ చూడరు.

హాలియా టీచరమ్మ | శుక్రవారం, రాత్రి 8:00

ఈ రెండు పోస్టులనూ ఈరోజు మా ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాను. సాగర్ ఎడమ కాలువ నీళ్ళతో పండిన బియ్యం తింటూ పెరిగిన పిల్లలు వాళ్ళు. ఒక పాప లేచి, "ఆ రోలు ఇప్పుడు కూడా అక్కడే ఉందా టీచర్" అని అడిగింది. ఉందనే చెప్పాను.

కొత్తకోట యువకుడు | శుక్రవారం, రాత్రి 10:20

అచ్చంపేట అన్న చెప్పినట్టే చేస్తున్నాము. శనివారం రాత్రి అచ్చంపేటలో ఉండి, పొద్దున ఆరింటికి బయలుదేరుతాము. డ్రోన్ వద్దనుకున్నాము. సాగర్‌లో ఒక పూట ఉంటే నాగార్జునకొండకు వెళ్ళి రావచ్చా?

పైలాన్ కాలనీ పాతకాపు | శనివారం, ఉదయం 5:50

వరద ఉధృతంగా ఉన్న రోజుల్లో లాంచీలు ఆపేస్తారు, రేవుకు వెళ్ళే ముందే కనుక్కోండి. లాంచీ నడిస్తే మాత్రం వదులుకోకండి. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఈ నీళ్ళ కిందే ఉంది. జలాశయం నిండకముందే 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను కొండ మీది మ్యూజియానికి చేర్చారు. లాంచీ లేకపోతే హిల్ కాలనీ దగ్గర బుద్ధవనం చూడండి, 274 ఎకరాల్లో కట్టారు, 2022లో తెరిచారు. బైకులు రోడ్డు మీద పెట్టకండి.

మర్రిగూడ బిడ్డ | ఆదివారం, రాత్రి 9:05

ఈరోజు పేపర్లో అంకెలు చూసి పాతకాపు గారి లెక్క వేశాను. రేపు సాయంత్రానికి గేట్లు ఎత్తే అవకాశం ఉందని తేలింది. మంగళవారం అదనపు గేట్లు ఎత్తుతారనుకుని బుధవారానికి సెలవు పెట్టాను. మా చెల్లెలు తోడు వస్తోంది. కుర్చీ డిక్కీలో పెట్టేశాను.

గద్వాల గట్టు | సోమవారం, సాయంత్రం 6:40

సాగర్‌లో గేట్లు ఎత్తారట అన్నా! టీవీలో ఇప్పుడే చూశాను. మా దగ్గర ఇంకా వరద తగ్గలేదు, బుధవారానికి ఢోకా లేదు.

మర్రిగూడ బిడ్డ | బుధవారం, రాత్రి 10:50

వెళ్ళి వచ్చాము. ఇప్పుడే అమ్మను పడుకోబెట్టి వచ్చి రాస్తున్నాను.

ఉదయం ఆరూ నలభైకి బ్రిడ్జి దగ్గర ఉన్నాము. పెద్దవూర దాటి వస్తుండగానే కారు అద్దాలు దించితే ఏదో సన్నటి మోత వినిపించింది. అమ్మ "వాననా?" అని అడిగింది. ఆకాశంలో మబ్బు లేదు. బ్రిడ్జి మొదట్లో అమ్మను, చెల్లెను దింపి, నేను బండి పెట్టి తిరిగి వచ్చేసరికి వాళ్ళు కుర్చీ వేసుకుని రెయిలింగ్ పక్కన ఉన్నారు. జనం ఉన్నారు గానీ ఆ పొద్దునపూట తోపులాట లేదు. 26 గేట్లూ ఎత్తి ఉన్నాయి. నేను మాట్లాడింది అమ్మకు వినిపించలేదు, ఆమె మాట్లాడింది నాకు వినిపించలేదు. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పుకోవలసి వచ్చింది.

అమ్మ కొద్దిసేపటికి నన్ను దగ్గరకు పిలిచి, "మన నల్లాల వచ్చేటియి గివే నీళ్ళా?" అని అడిగింది. ఇవే అమ్మా, కృష్ణ నీళ్ళే అన్నాను. "మరి ఇంత దగ్గరున్న నీళ్ళు మన ఊరికి రానీకె ఇన్నేండ్లు ఎందుకు పట్టింది?" అని మళ్ళీ అడిగింది. నాకు జవాబు దొరకలేదు. చెల్లె ఆమె చెయ్యి పట్టుకుంది.

మేస్త్రీ మనుమడు తమ్ముడు చెప్పిన రాతి గోడను చూపించాను. వాళ్ళ నాయనమ్మ నడినెత్తి సంగతి చెబితే అమ్మ చాలాసేపు ఆ గోడ వైపే చూసింది. తట్ట మోసిన మనిషికి ఆ మాట వేరే వివరించాల్సిన పని లేదు.

ఎనిమిది దాటాక గాలి ఇటు తిరిగింది. తుంపర ఒక తెరలాగా లేచి బ్రిడ్జి మీదికి వచ్చింది. చెల్లె గొడుగు తెరవబోతే అమ్మ వద్దంది. వంగి ఏ నదిలోనూ చెయ్యి పెట్టడం ఆమె వల్ల కాదు, ఆ సంగతి ఆమెకు తెలుసు. కుర్చీలో కూర్చునే రెండు చేతులూ ముందుకు చాపింది. ముఖం, చీర, చేతులు అన్నీ తడిశాయి. ఆ తడి చేతులతో మోకాళ్ళు రెండూ మెల్లగా రుద్దుకుంది. తర్వాత సంచిలోంచి స్టీలు గ్లాసు తీసి రెయిలింగ్ మీద పెట్టమంది. అరగంటకు అడుగున ఒక గుక్కెడు నీళ్ళు చేరాయి. దాన్ని సీసాలో పోసుకుని తెచ్చుకున్నాము, బాపు ఫోటో ముందు పెట్టింది.

జొన్నరొట్టెలు హిల్ కాలనీలో ఒక చెట్టు కింద తిన్నాము. పొడి బట్టలు నిజంగానే పనికొచ్చాయి టీచరమ్మా. పదకొండున్నరకల్లా ఇంట్లో ఉన్నాము.

మేస్త్రీ మనుమడు | గురువారం, ఉదయం 6:55

ఈ పోస్టును మా నాన్నకు ఫోన్లో చదివి వినిపించాను అన్నా. ఆయన దేవరకద్రలోనే ఉంటాడు, ఇంతవరకు సాగర్ చూడలేదు. దసరాకు ఊరికి వస్తాను, అప్పటికి గేట్లు ఉంటాయా?

గద్వాల గట్టు | గురువారం, ఉదయం 8:20

దసరా దాకా ఉంటాయని చెప్పలేము తమ్ముడూ, కానీ 2009లో పెద్ద వరద వచ్చింది అక్టోబరు మొదట్లోనే. తుంగభద్ర వైపు వాన పడితే మళ్ళీ ఎత్తుతారు. ప్రస్తుతం జూరాలలో నిన్నటి కంటే ప్రవాహం తగ్గింది, కొన్ని గేట్లు దించారు. ఈ వారంలోనే చూడాలనుకునేవారు శుక్రవారంలోపు బయలుదేరండి. దసరాకు ముందు వారం నుంచి నేను రోజూ సాయంత్రం గట్టు మీదికి వెళ్ళి ఇక్కడే రాస్తుంటాను, నాన్నగారిని సిద్ధంగా ఉండమని చెప్పండి.